మేడ మీద యాంటెన్నా, కిటికీ దగ్గర వదిన

మా వదిన మోకాలి ఆపరేషను అయ్యి మా ఇంటికి వచ్చిన వారంలోనే నేను తెప్పించుకున్న టైమింగ్ రిసీవరు కూడా వచ్చింది. వదిన కారులో వచ్చింది, రిసీవరు కొరియరులో. ఇద్దరికీ ఇంట్లో దొరికిన చోటు ఒక్కటే, కింద హాల్లో తూర్పు కిటికీ పక్కన.

వదిన అంటే మా ఆయనకు అక్క. అన్నూరు దగ్గర వాళ్లకు అరటితోట, కొంచెం పసుపు ఉన్నాయి. ఆసుపత్రి కోయంబత్తూరులో, మాటిమాటికీ డాక్టరుకు చూపించుకోవాలి, అందుకని మెట్లెక్కడం వచ్చేదాకా మా దగ్గరే ఉండమన్నాం. అన్నయ్యకు, అంటే ఆమె భర్తకు, తోట వదలడానికి కుదరదు. ఆదివారాలు మాత్రం వచ్చి, ఓ అరటిగెల దింపి, కాఫీ తాగి వెళ్లిపోయేవారు. మా ఆయనకు పంపుసెట్ల విడిభాగాల కొట్టుంది, పొద్దున వెళితే చీకటి పడ్డాకే రాక. నేనొక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటాను, అప్పుడు సెలవులు. అలా పగలంతా ఇంట్లో మేమిద్దరమే మిగిలాం.

మా మధ్య ఏనాడూ గొడవ లేదు. మాటలూ పెద్దగా లేవు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను తిన్నావా అని, నేను ఆమెను వాన పడిందా అని అడగడంతోనే సరిపోయింది. ఆమె ఒక్కచోట కూర్చునే మనిషి కాదు. నేను ఒకచోట కూర్చుంటే లేవని మనిషిని. అలాంటి ఆమెను డాక్టరు మంచం మీద కూర్చోబెట్టాడు.

ఈ రిసీవరు ఏమిటో కాస్త చెప్పాలి. ఆకాశంలో తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో చాలా నికరమైన గడియారాలుంటాయి. అవి ఎడతెగకుండా టైము చెబుతూనే ఉంటాయి. కారులోని మ్యాపు వాటిని నేనెక్కడున్నానని అడుగుతుంది. నా రిసీవరు మాత్రం ఇప్పుడు సరిగ్గా ఎంతయిందని అడిగి, సెకనుకొకసారి ఒక టిక్కు ఇస్తుంది. ఆ టిక్కును పెట్టుకుని మిగతా గడియారాలన్నిటినీ సరిచూసుకోవచ్చు. కాలేజీలో పాతబడిందని పక్కన పడేసిన ఫ్రీక్వెన్సీ కౌంటరు ఒకటి అడిగి తెచ్చుకుని బాగుచేసి ఉన్నాను. విద్యుత్ తరంగాలు సెకనుకు ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టే పెట్టె అది. అది చెప్పేది నిజమో కాదో చూడాలని నా సరదా. ఇది దేనికి పనికొస్తుందని మా ఆయన అడిగారు. దేనికీ రాదన్నాను. అయితే సరే అన్నారు. ఆయనకు క్రికెట్ పిచ్చి ఉంది, కాబట్టి ఇలాంటివి అర్థం చేసుకోగలరు.

రిసీవరంటే అగ్గిపెట్టె అంత బోర్డు. యాంటెన్నా లేకపోతే దానికి చెవులు లేనట్టే. బోర్డుతో పాటే ఒక యాంటెన్నా పంపారు. నల్లగా, పలకలుగా, బర్ఫీ ముక్కంత ఉంది, కింద అయస్కాంతం. కారు కప్పు మీద అంటించుకోవడానికి చేసింది. మా కిటికీ ఊచలు ఇనుమువే కదా అని వాటికి అంటించాను. దాని తీగను బోర్డుకు, బోర్డును ల్యాప్‌టాప్‌కు కలిపి, ల్యాప్‌టాప్‌ను వదిన మంచం పక్కనున్న స్టూలు మీద పెట్టాను.

"ఇదేంది అమ్మణీ, కిటికీకి బల్లి మాదిరి అంటించినావు?" అంది వదిన.

అమ్మణి అనేది మా కోయంబత్తూరు వైపు ఆడవాళ్లను ఆప్యాయంగా పిలిచే పిలుపు. ఆమె అందరినీ అలాగే పిలుస్తుంది కాబట్టి నేను పెద్దగా పొంగిపోలేదు. రెండు ముక్కల్లో చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ల్యాప్‌టాప్ తెర మీద ఒక గుండ్రటి బొమ్మ కనిపిస్తుంది. అది మన తల మీది ఆకాశం. మధ్యలో నడినెత్తి, చుట్టూ అంచు దిగంతం, పైవైపు ఉత్తరం. అందులో చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో ఉపగ్రహం, పక్కనే దాని నంబరు. బొమ్మ కింద నిలువు కడ్డీలు వరసగా ఉంటాయి. కడ్డీ ఎంత పొడుగ్గా ఉంటే ఆ ఉపగ్రహం అంత బాగా వినబడుతున్నట్టు. వదిన చదివింది తమిళం, ఇంగ్లీషు రాదు. కానీ ఆ తెర మీద చదవడానికి అంకెలు తప్ప ఏమీ లేవు.

నాలుగైదు రోజులు గడిచాయేమో, నేను బీన్సు తరుగుతుంటే హాల్లోంచి కబురొచ్చింది. పదిహేడు వెళ్లిపోయిందట. దాని వెనకే ఆరు వచ్చిందట. ఆరుకు ఇంకా సత్తువ లేదట. నేను కత్తి చేత్తో పట్టుకునే వచ్చి చూశాను. అంతా నిజమే.

ఆనాటి నుంచి అది మాకు అలవాటైపోయింది. ఏది బలంగా వస్తుందో, ఏది పక్కింటి వెనక్కి పోగానే డీలా పడుతుందో ఆమె చెబుతుండేది. ఇరవై రెండుతో ఆమెకు ఎందుకో పడలేదు. అది పక్కింటి రేకుల షెడ్డు మీదుగా వస్తుంది, కనబడినట్టే కనబడి మాయమవుతుంది. దానికి పొగరని ఆమె అభిప్రాయం. ఇంకో సంగతి కూడా ఆమె కంట పడింది. ఈ ఉపగ్రహాలు రోజూ అదే దారిన వస్తాయి గాని, నిన్నటికంటే కొద్ది నిమిషాలు ముందుగా వస్తాయి. నేను పుస్తకాల్లో చదివినదే. ఆమె దాన్ని తన సీరియల్ వేళతో పోల్చి పట్టుకుంది. అన్నూరు బస్సు ఏనాడూ వేళకు రాదు, ఇవేమిటి ముందే వచ్చేస్తున్నాయని అడిగింది. నక్షత్రాలూ అంతే కదా, రోజురోజుకూ కాస్త ముందుగా పొడుస్తాయి అన్నాను. అవునని ఒప్పుకుంది.

అంతా బాగానే ఉంది కానీ, అసలైన టిక్కే బాగాలేదు. కిటికీలోంచి సగం ఆకాశమే కనబడుతుంది. పైగా ఉపగ్రహం మాట నేరుగా వచ్చేది ఒకటి, పక్కింటి రేకుల మీద పడి తిరిగి వచ్చేది ఒకటి. ఖాళీ గదిలో మాట్లాడితే మన మాటే మనకు మళ్లీ వినబడినట్టు, యాంటెన్నాకు రెండూ వినబడుతున్నాయి. దాంతో టిక్కు ముందుకూ వెనక్కూ వణుకుతోంది. వదినతో అంటే, మరి దాన్ని లోపలెందుకు కట్టేశావని అడిగింది. వెంటనే దాన్ని మేడ మీదికి తీసుకుపోయాను.

ఈ రకం యాంటెన్నా కింద వెడల్పాటి లోహపు పళ్లెం ఉంటే మేలు. కారు మీదైతే కారు కప్పే ఆ పని చేస్తుంది. వంటింట్లో తట్టలన్నీ దింపి చూస్తే అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలే, అయస్కాంతం ఒక్కదానికీ అంటుకోలేదు. ఈ చప్పుళ్లు విని వదిన సంగతి కనుక్కుంది. అటక మీద మా అత్తగారి కాలపు ఇనప దోసెకల్లు ఉండాలి, పెద్ద పెనం, చూడమంది. అయస్కాంతం దానికి చటుక్కున అతుక్కుంది. దోసెకల్లును పిట్టగోడ మీద పెట్టి, మధ్యలో బర్ఫీ ముక్కను నిలిపాను. టిక్కు వణుకు బాగా తగ్గింది. వదిన మంచం మీది నుంచే ఆ రోజంతా కొత్త నంబర్లు చదివింది. ఎప్పుడూ చూడని పడమటి వైపు ఉపగ్రహాలు కేరళలోని పాలక్కాడు వైపు నుంచి వస్తున్నాయని ఆమె వాటికి వేరే మర్యాద చేసింది.

మా ఇల్లు ఊరి చివర. వెనక బీడు, బీడు నిండా నెమళ్లు. నెమలిని దూరంగా చూస్తే ఎవరికైనా ముచ్చటే. పిట్టగోడ మీద ఏమైనా ఆరబెట్టుకునేవాళ్లను అడిగితే వేరే సంగతులు చెబుతారు. ఒక ఉదయం తెర మీద కడ్డీలన్నీ ఒక్కసారిగా పడిపోవడం, బయట ఏదో దబ్బున పడటం, వదిన నన్ను కేకేయడం మూడూ కలిసి జరిగాయి. పరుగెత్తి వెళ్లి చూస్తే పిట్టగోడ మీద నెమలి తోక వేలాడేసుకుని కూర్చుని ఉంది. దోసెకల్లు కింద నిమ్మచెట్టు పాదులో ఉంది. దోసెకల్లుకు ఏమీ కాలేదు. యాంటెన్నాకు మాత్రం తీగ మొదట్లో తెగిపోయింది.

ఇక మంచి యాంటెన్నా కొనక తప్పదని తేలింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. ఏది కావాలో నా మనసులో ఎప్పుడో పడి ఉంది. భూములు కొలిచే సర్వేవాళ్లు వాడే యాంటెన్నా అది. తెల్లగా, గుండ్రంగా, పళ్లెం మీద పళ్లెం బోర్లించినట్టు ఉంటుంది. దిగంతం వైపు నుంచి తిరిగొచ్చే మాటలను దగ్గరకు రానివ్వదు. దాని బొమ్మను నా ఫోన్లో దాచుకుని అప్పుడప్పుడు తీసి చూసుకునేదాన్ని.

బోడినాయకనూరులో నాకొక స్నేహితుడున్నారు. ఏలకుల వ్యాపారి, హామ్ రేడియోలో పరిచయం. నాకన్నా పెద్దవారు, అన్నా అని పిలుస్తాను. వాళ్లు ఆ వైపు కరిసల్ అనే నల్లరేగడి నేలల్లో సేద్యం చేసిన కుటుంబం. వాళ్ల తెలుగూ మా తెలుగూ ఒకటి కావు. అర్థంకాని చోటల్లా ఇద్దరం తమిళంలో కలుసుకుంటాం. ఆయనకు ఫోన్ చేసి సర్వే యాంటెన్నా కొనబోతున్నానని చెప్పాను. ఆయన తన దగ్గర అది ఉందని, దాని పక్కనే ఇంకోటి ఉందని, ఊరికే తొందరపడకుండా వచ్చి రెండూ చూసుకోమని అన్నారు. ఆ ఇంకోటి సెల్‌ఫోన్ టవర్ల మీద పెట్టేది, పాత సామాన్ల కొట్లో దొరికిందట. టవర్లకు కూడా సరైన టైము కావాలి, అందుకోసమే చేసిన యాంటెన్నా.

మా ఆయనకు బోడికి దగ్గర్లోని తేని ఊళ్లో ఒక కొట్టుకు సరుకు అందించే పని ఉంది. నేనూ వస్తానన్నాను. నాలుగు గోడలు చూసి చూసి విసుగొచ్చింది, కారులో కాలు చాపుకునే చోటు ఉంటే తానూ వస్తానంది వదిన. వెనక సీటంతా ఆమెకిచ్చేశాం. పళని దాటేదాకా ఆమె అరటితోటలకు మార్కులు వేస్తూ వచ్చింది. ఒక్క తోటకూ పాసు మార్కులు పడలేదు.

మమ్మల్ని బోడిలో దింపి మా ఆయన వెనక్కి తేని వెళ్లారు. అన్న ఇంటి ముందు వసారాలో ఏలకులు పోసి, ఆడవాళ్లు ఇద్దరు కూర్చుని ఏరుతున్నారు. వాసన వీధి మలుపులోనే మాకు ఎదురొచ్చింది. వదినను వాళ్ల దగ్గర కూర్చోబెట్టి మేం మేడెక్కాం.

రెండు పైపుల మీద రెండు యాంటెన్నాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నా కలలోని పళ్లెం. రెండోది తెల్లటి గరాటును తలకిందులుగా నిలబెట్టినట్టుంది, పైన మొన తేలి, కురచగా. దాన్ని చూసి ఎవరూ ఫోన్లో బొమ్మ దాచుకోరు. నేను చుట్టూ చూశాను. పడమటి వైపు కొండ గోడలాగ లేచి ఉంది. ఆ దిక్కున ఆకాశం చాలా ఎత్తుకు గాని మొదలవదు. ఇంత ఆకాశం పోగొట్టుకున్న ఇంట్లో టైము ఏం బాగుంటుందని నాలోపల అనుకున్నదే పైకి అనేశాను.

అన్న నవ్వలేదు, నొచ్చుకోలేదు. "ఇల్లు ఆడికీ ఈడికీ పోదు కదమ్మా. తానుండే చోటు ఒకతూరి దానికి తెలిసిపోతే చాలు, ఆమీద ఒక్క సాటిలైటు వినబడినా టైము చెప్పేస్తాది. నువ్వేమన్నా పొలం కొలవబోతావా?" అన్నారు.

కిందికి తీసుకెళ్లి, తరంగాలను గీసి చూపే ఆసిలోస్కోపు తెర మీద రెండు యాంటెన్నాల టిక్కులూ ఒకదాని కింద ఒకటి చూపించారు. ఏది దేనిదో చెప్పమన్నారు. నేను చాలాసేపు చూసి ఒకటి చెప్పాను. తప్పు. మళ్లీ మార్చి చూపించారు. ఈసారి తెలియదని ఒప్పుకున్నాను. అయినా మనసు పళ్లెం మీదే ఉంది. ఇంకోసారి చూద్దామని మేడెక్కబోతే మెట్ల మొదట్లో వదిన నిలబడి ఉంది, కమ్మీ పట్టుకుని.

ఇంట్లో ఫిజియోథెరపీ అమ్మాయి ఎంత బతిమాలినా ఆమె ఒక్క మెట్టూ ఎక్కలేదు. నొప్పి కంటే భయం ఎక్కువని ఆ అమ్మాయి నాతో విడిగా చెప్పింది. ఇప్పుడేమో, అందరూ పైకీ కిందికీ తిరుగుతున్నారు, పైన ఏముందో తానూ చూడాలి కదా అంది. మంచికాలు ముందు పెట్టి, రెండోది పక్కకు తెచ్చుకుని, ఒక్కో మెట్టూ ఎక్కింది. నేను వెనకాలే చేతులు చాపుకుని ఎక్కాను. పైకి వచ్చాక అన్న ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. వదిన కూర్చుని కొండను చూసింది, జీపులు ఎక్కే ఘాట్ రోడ్డును చూసింది, తర్వాత యాంటెన్నాలను చూసింది.

అప్పుడొక గోరింక వచ్చి పళ్లెం మీద వాలింది. హాయిగా ముక్కు గీసుకుంది, చేయాల్సింది చేసింది. ఇంతలో ఇంకోటి వచ్చి గరాటు మీద వాలబోయింది. మొన మీద కాలు నిలవలేదు. జారి, రెక్కలు కొట్టుకుని, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ జారి, చివరికి అది కూడా పళ్లెం మీదికే వచ్చింది. వదిన పడీపడీ నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"కూర్చోను చోటిస్తే ఏదైనా కూర్చుంటాది. దీనికి చోటు లేకుండా చేసినారు చూడు," అంది.

అన్న చెప్పిందీ అదే. పిట్టలు వాలకుండా, చలి దేశాల్లో మంచు నిలవకుండా ఉండాలనే దానికి ఆ రూపమట. నా కళ్ల ముందు మా నెమలి, దాని తోక, నిమ్మచెట్టు పాదు అన్నీ కదిలాయి. పళ్లెం మీద ఆశ అప్పుడు వదులుకున్నాను. గరాటే ఇవ్వమన్నాను. దాని బదులు ఆయన దగ్గర చెడిపోయి ఉన్న సిగ్నల్ జనరేటరును బాగుచేసి పంపిస్తానని ఒప్పుకుని, గరాటునూ జనరేటరునూ కారులో వేసుకున్నాం. వసారాలో ఏలకులు ఏరే ఆడవాళ్లతో వదినకు ఎంత స్నేహం కుదిరిందంటే, మా ఆయన హారన్ కొడుతున్నా ఆమె లేవలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు గరాటును మేడ మీద, ఇసుక పోసిన బకెట్లో నిలబెట్టి తీగ కలిపాను. తెర మీద ఒక్క కడ్డీ లేదు. తీగ మార్చాను. తీగ చివరి కనెక్టరు విప్పి మళ్లీ బిగించాను. మీటరుతో ప్రతి చోటా చూశాను. ఏమీ లేదు. వదిన అప్పుడప్పుడు ఇంకా అలకేనా అని అడిగేది. ఆమెకు నాకన్నా ఎక్కువ బెంగగా ఉంది. సీరియల్ కూడా సరిగా చూడలేదు. పాత సామాన్ల కొట్టు సరుకు కదా, దారిలో కుదుపులకు లోపలేదో ఊడి ఉంటుందని నేను నమ్మేశాను.

అన్నకు ఫోన్ చేస్తే ఒక్క ప్రశ్న అడిగారు, నీ బోర్డు ఎన్ని వోల్టులిస్తుందని. ఈ యాంటెన్నాల లోపల ఆంప్లిఫయరు ఉంటుంది, దానికి కావాల్సిన కరెంటు తీగలోంచే పైకి వెళ్లాలి. గరాటుకు కావాల్సింది అయిదు వోల్టులు. నా బోర్డు ఇచ్చేది మూడూ చిల్లర. ఆయన పెట్టె అయిదు ఇస్తుంది గనుక ఆయనకు చెప్పాలనే తోచలేదు. నాకు అడగాలని తోచి ఉండాల్సింది. ల్యాబులో పిల్లలకు మొదటిరోజు నేను చెప్పే పాఠమే అది. బోర్డుకూ తీగకూ మధ్య, పైకి విడిగా అయిదు వోల్టులు పంపే చిన్న సర్క్యూటు ఒకటి ఉన్న సామాన్లతోనే చేసి పెట్టాను. ప్లగ్గు పెట్టగానే కడ్డీలు ఒకటి తర్వాత ఒకటి లేచాయి. వదిన హాజరు పట్టీ పిలిచినట్టు నంబర్లు చదివింది. అన్నిటికన్నా పొడుగు కడ్డీ ఇరవై రెండుది. రేకుల షెడ్డు అడ్డం లేకపోతే అది బంగారమని తేలింది. ఆమె మాట వెనక్కి తీసుకుంది.

ఇక దాన్ని ఎక్కడ నిలబెట్టాలనే సంగతి మిగిలింది. మా మెట్లగది మేడకు ఉత్తరపు చివర ఉంది, దాని మీద నీళ్ల ట్యాంకు. ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఆ ట్యాంకు నెత్తి. అక్కడే పెడతానన్నాను. వదిన కుదరదంది. ఆమె తోటలో బావి పక్కన కొబ్బరిచెట్టుకు పిడుగు, ఆమె మాటల్లో ఇడి, పడి, చెట్టు మాడి, మోటారు స్టార్టరు కాలిపోయిన సంగతి నాకూ తెలుసు. ఆ రోజు అన్నయ్య బావి దగ్గరే ఉండాల్సిన మనిషి అని మాత్రం నాకు తెలియదు. బీడీ కోసం ఇంటికొచ్చి బతికారట. ఆమె అది చెప్పినప్పుడు గొంతు పెద్దది చేయలేదు. "ఇడి పడేదానికి ఎత్తే కావాల. నా తమ్ముని ఇంటి మీద అంత ఎత్తున దాన్ని నిలబెట్టొద్దు అమ్మణీ," అంది.

కిందికి దించితే ట్యాంకు అడ్డొచ్చి ఒక దిక్కు ఆకాశం పోతుందని నేను వాదించాను. వాదన నడుస్తుండగానే మా ఆయన కొట్టుకు వెళ్లిపోయారు. ఆమె మాటను కాదనలేను, నా ఆకాశాన్ని వదులుకోలేను. యాంటెన్నా బకెట్లోనే ఉండిపోయింది, మేడకు దక్షిణపు చివర.

ల్యాప్‌టాప్‌లోని ఆ ప్రోగ్రాములో ఉపగ్రహాలు నడిచిన దారులన్నీ గీతలుగా గీసిపెట్టే ఏర్పాటుంది. యాంటెన్నా బకెట్లో ఉన్నన్నాళ్లూ ఆ ఏర్పాటును నడవనిచ్చాను. గీతల మీద గీతలు పడి, తెర మీద గుండ్రటి ఆకాశం కోలం ముగ్గు వేసినట్టు నిండిపోయింది. కాఫీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు వదిన తెర పైభాగం మీద వేలు పెట్టింది.

"అన్ని చోట్లా పోతాండాయి. ఈడ మాత్రం ఎవురూ రారా?"

చూశాను. ఉత్తరం వైపు, అంచు నుంచి కొంత ఎత్తుదాకా, పెద్ద ఖాళీ. ఒక్క గీత లేదు. ముందు ట్యాంకు అడ్డం వల్లనే అనుకున్నాను. కానీ ఆ ఖాళీ జాగా మా ట్యాంకు కన్నా ఎన్నో రెట్లు వెడల్పుంది. కాఫీ పక్కన పెట్టి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. ఈ ఉపగ్రహాల దారులు ఏటవాలుగా ఉంటాయి. ఉత్తరాన కొంత దూరం వరకే పోయి అవి వెనక్కి తిరుగుతాయి. మనం భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం గనుక మన ఉత్తరపు ఆకాశంలో కింది భాగానికి అవి ఏనాడూ రావు. నేను చదివిన పుస్తకాలన్నీ ఎక్కడో చలి దేశాలవాళ్లు రాసినవి. మా ఇంటి మీద ఆకాశం ఎలా ఉంటుందో వాటిలో లేదు, నేనూ ఏనాడూ లెక్కవేసి చూడలేదు.

అంటే ట్యాంకు ఉత్తరాన ఉంటే అది దేనికీ అడ్డం కాదు. యాంటెన్నా ఇప్పుడున్న చోటే, దక్షిణపు పిట్టగోడ దగ్గరే, ట్యాంకు కన్నా తక్కువ ఎత్తులో ఉండొచ్చు. వదినకు చెబితే ఆమె మళ్లీ మళ్లీ అడిగి నిర్ధారించుకుంది, ట్యాంకు కన్నా కిందే కదా అని. అవునన్నాను. ఎత్తు తక్కువైనంత మాత్రాన పిడుగు భయం పూర్తిగా పోదు కాబట్టి, అన్న సలహా మీద తీగకు పిడుగు రక్షణ పెట్టి, రాగి పట్టీతో ఎర్తింగు కూడా చేయించాం. అది చూశాక ఆమె మనసు కుదుటపడింది.

గొడవ సద్దుమణిగిందని రూఢి అయ్యాక మా ఆయన రంగంలోకి దిగారు. బోరుబావికి వాడే ఇనప పైపు ముక్క, దానికి కింద బిగించే బిళ్ల, కొట్లోంచి తెచ్చి, తానే మరలు వేయించి, పంపుసెట్లకు వేసే ఆకుపచ్చ రంగు కొట్టారు. గరాటు దాని మీద నిటారుగా నిలిచింది. నెమలి ఒకసారి వచ్చి పక్కన పిట్టగోడ మీద నడిచి, దాన్ని అటూ ఇటూ చూసి, వెళ్లిపోయింది.

రిసీవరు తానున్న చోటును తీరుబడిగా లెక్కకట్టుకుంది. ఆ తర్వాత టిక్కు వణకలేదు. పాత కౌంటరును దానికి కలిపి చూస్తే, అది ఒక వెంట్రుకవాసి తొందరపడుతోంది. వెనక ఉన్న చిన్న స్క్రూను కాస్త తిప్పాను. సరిపోయింది. ఇంత చేసి అంతేనా అని వదిన అడిగింది. అంతే అన్నాను. ఆమె తల ఊపి, చారులో ఉప్పు వేశావా అని అడిగింది. వేయలేదు.

మెట్లెక్కడం ఆమెకు బాగా వచ్చేసింది. రోజూ సాయంత్రం మేడ మీదికొచ్చి, కమ్మీ పట్టుకోకుండా ఆ చివరికీ ఈ చివరికీ నడిచేది. డాక్టరు ఇక ఇంటికి పోవచ్చన్నాడు. ఆదివారం అన్నయ్య రాకముందే మేమే కారులో తీసుకెళ్లి దింపాం. ఆమె కారు దిగి ముందు తోటలోకే వెళ్లింది, ఇంట్లోకి తర్వాత. అరటికి నీళ్లు ఎలా పెట్టారో చూసుకుని అన్నయ్యను నాలుగు మాటలంది. అన్నయ్య నాకేసి చూసి, ఈమెకు పూర్తిగా నయమైనట్టేనని అన్నారు.

భోజనాలయ్యాక మా ఆయన బయల్దేరదామన్నారు. కాలేజీ తెరవడానికి ఇంకా రోజులున్నాయి, నేను ఉండి రేపు వస్తాను, మీరు పొండి అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి, కారు తీశారు. వదిన లోపలికెళ్లి నాకొక పాత నూలుచీర తెచ్చిచ్చింది, మంచి చీరతో తోటలోకి రావద్దని. అరటిజిగురు మరక పడితే పోదట. చీర మార్చుకుని వచ్చేసరికి ఆమె అప్పటికే గట్టు మీద నడుస్తోంది. నేను వెనకాలే వెళ్లాను.